ఎమ్మిగనూరులో పడవ

1953 జూన్ 14

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గెలికినట్టుంది. మిషను బడి సువార్తమ్మ టీచరు నిన్న ఇంటికి వచ్చి ఈ నోటుబుక్కు ఇచ్చింది. రెండో తరగతి పిల్లలకు చెప్పినట్టే నాకూ చెప్పింది. "రోజూ రెండు వాక్యాలు రాయి ఉరుకుందప్పా. ఎవురూ సూడరు, నేను గూడా సూడను. నీ మనసులోది ఏదో ఒకటి రాసుకో. సెయ్యి దానంతటదే తిరుగుతాది."

రెండుకు మించే రాశాను. భుజం లాగుతోంది.

జూన్ 15

నా భార్య ఉచ్చీరమ్మ రొట్టె తుంచి పెట్టబోయింది. నేనే తుంచుకుంటానన్నాను. తుంచలేకపోయాను.

జూన్ 17

ఎండ.

జూన్ 21

ఈ రోజు చెయ్యి కాస్త మాట వింటోంది. జరిగింది రాసి పెట్టుకుంటాను.

ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పద్దెనిమిదేళ్లుగా ఫిట్టరు పని చేశాను. మార్చి తొమ్మిదిన మధ్యాహ్నం, పత్తి గింజ తీసే నాలుగో జిన్నులో రోలరు పట్టేసింది. మిషను ఆపకుండానే చెయ్యి పెట్టాను. అందరం అట్లాగే పెడతాం. ముందు చొక్కా లోపలికి పోయింది, దాని వెంట నా కుడి చెయ్యి పోయింది. నూనె పోసే హుసేనప్ప పక్కనే ఉన్నాడు. గడ్డపార అందుకుని, తిరుగుతున్న బెల్టును చక్రం మీద నుంచి నెట్టేశాడు. జిన్ను ఆగింది. మూడు వేళ్లు పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. ఇంకాస్త ఆలస్యమైతే మనిషే మిగిలేవాడు కాదని ఆస్పత్రిలో డాక్టరు అన్నాడు.

గడ్డపార తగిలి, జిన్నులను తిప్పే పెద్ద ఇరుసు వంగింది. ఆరు రోజులు మిల్లు సగం నిలిచిపోయింది. హుసేనప్పను పనిలోంచి తీసేశారు. ఇప్పుడు నాగలదిన్నెలో, తుంగభద్ర ఒడ్డున, సొంత ఊళ్లో ఉన్నాడట. వాళ్లు బెస్తలు. జనాన్ని ఏరు దాటించే గుండ్రటి తోలు పుట్టి ఉంది వాళ్లకు.

పోయి చూసి రావాలి. చెయ్యి పూర్తిగా మానగానే పోతాను.

జూన్ 24

నేను ఆస్పత్రిలో ఉండగా మిల్లు వాళ్లు వచ్చి ఒక మాట అడిగారు. బెల్టు నెట్టమని నువ్వు చెప్పావా, లేక వాడే నెట్టాడా అని. గుర్తులేదన్నాను. అంత నొప్పిలో ఎవరికి గుర్తుంటుంది? అదే కాగితం మీద రాసి ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకున్నారు. సీజను మొదలవగానే గేటు దగ్గర టైంకీపరు పని ఇస్తామన్నారు. మంచివాళ్లు.

జూన్ 28

తలుపు గడియకు చెక్క కావాలని వడ్రంగి బసవన్న దగ్గరికి పోయాను. అతని దొడ్లో కంపచెట్ల మధ్య ఒక పడవ బోర్లా పడి ఉంది. పుట్టి కాదు, పడవ. పదహారు అడుగులు ఉంటుంది. ముక్కు కోసుగా, వెనక భాగం బల్లలాగా. ఒకప్పుడు ఇంజను బిగించిన గుర్తు ఉంది. రంగంతా పెచ్చులు లేచింది.

"డ్యాం కట్టేటప్పుడు ఏరు కొలిసే ఇంజనీరు దొర తిరిగిన పడవన్నా అది. ఏలంలో తెచ్చినా" అన్నాడు బసవన్న. "టేకు. పగలగొడితే నాలుగు జతల తలుపులైతాయి."

చెయ్యి వేసి చూశాను. రాగి మేకులు. ఒక్కదానికి తుప్పు లేదు. చేసినవాడెవరో తన బిడ్డకు ఉయ్యాల చేసినట్టు చేశాడు.

"పగలగొట్టొద్దు" అన్నాను.

"మరి ఏం సేసుకుంటావు?"

అతని సాన చక్రం రెండేళ్లుగా తిరగడం లేదు. అది బాగుచేసి ఇస్తాను, పడవ నాకివ్వమన్నాను. బసవన్న నా చెయ్యి వైపు చూశాడు. తర్వాత తల పక్కకు తిప్పుకుని, సరే అన్నాడు.

పొద్దుపోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అంతే.

జూలై 5

సాన చక్రం తిరిగింది. నేను చెప్పాను, బసవన్న చేశాడు. నిజానికి అతనికి నా అవసరం పెద్దగా లేదు. ఆ సంగతి అతను పైకి అనలేదు. ఆ మేలు మరచిపోకూడదు.

రెండు ఎద్దులబండ్లు ఒకదానికొకటి కట్టి పడవను ఇంటికి తెచ్చాం. వీధి వీధంతా బయటికి వచ్చింది. మగ్గాల మీది నుంచి కూడా లేచి వచ్చారు. తాగే నీళ్లకే గతిలేని ఎమ్మిగనూరులో పడవేమిటని నవ్వని మనిషి లేడు. ఉచ్చీరమ్మ కడవ చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"నేను నీళ్లకని రెండు వీధులు నడుస్తాండా. మా ఇంటాయనేమో ఈడికి పడవ తెచ్చినాడు" అంది అందరూ వినేటట్టు. అని, పెరట్లో ఉన్న కట్టెల మోపులన్నీ తనే పక్కకు లాగి చోటు చేసింది.

జూలై 11

రంగు గీకుతున్నాను. ఎడమ చెయ్యి బొబ్బలెక్కింది. కోళ్లు పడవ కింద కాపురం పెట్టాయి.

జూలై 14

ఈ వారం నాగలదిన్నెకు పోదామనుకున్నాను. బస్సు సరిగా నడవడం లేదట.

జూలై 26

వెనక వైపు మూడు పలకలు పుచ్చిపోయాయి. అడుగు దూలం మాత్రం ఇనుములాగా ఉంది. మేకు పట్టుకోవడానికి నాకు రెండో చెయ్యి లేదు కాబట్టి ఉచ్చీరమ్మను పట్టుకోమన్నాను. సుత్తి ఎడమ చేత్తో వేశాను. మేకు మీద పడాల్సిన దెబ్బ ఆమె బొటనవేలి మీద పడింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె వేలు నోట్లో పెట్టుకుని, కళ్లలో నీళ్లతోనే నన్ను చూసి, "ఈ ఇంట్లో ఒకరికి వేళ్లు పోయింది సాలదా?" అంది.

నవ్వాను. మార్చి తొమ్మిది తర్వాత నవ్వడం ఇదే. ఆమె కూడా నవ్వింది. గోరు నల్లబడింది. సాయంత్రం మళ్లీ వచ్చి మేకు పట్టుకుంది. వద్దన్నాను. "కొట్టు, ఈ తూరి సూసి కొట్టు" అంది. చేనేత సొసైటీ మగ్గాలకు నూలు చుట్టి ఆ చేతులతోనే మమ్మల్ని ఇద్దర్నీ పోషిస్తోంది. ఆ చేతిని నా సుత్తి కింద పెట్టింది. ఈ మాట ఆమెతో అనలేను. ఇక్కడ రాస్తున్నాను.

ఆగస్టు 9

పలకలు మార్చాం. బసవన్న తన పనులు మానుకుని రెండు పూటలు వచ్చాడు. ఇంజను ఇరుసు దూరే బొక్కకు తుమ్మచెక్కతో బిరడా కొట్టాం.

ఆగస్టు 16

నాగలదిన్నెకు ఈ వారం కూడా కుదరలేదు. చెయ్యి చలికి సలుపుతోంది.

ఆగస్టులో చలి ఎక్కడిది?

సెప్టెంబరు 6

పలకల సందులు పూడ్చాలి. మగ్గాల దగ్గర తెగిన నూలు గంపలకొద్దీ పారేస్తారు, ఉచ్చీరమ్మ తెచ్చింది. ఆ నూలును పురి పెట్టి సందుల్లోకి కూరి, పైన గుగ్గిలం, ఆముదం కాచి పోశాం. పత్తి నా చెయ్యి తిన్నది. ఇప్పుడు నేనే పత్తిని సందుల్లో కుక్కుతున్నాను. చెప్పుకుంటే బాగుంది కానీ పని బాగా రాలేదు. బసవన్నను అడిగితే "నాకు తలుపులు తెలుసన్నా, నీళ్లు తెలీదు" అన్నాడు.

సెప్టెంబరు 13

రాత్రి పెద్ద వాన. పొద్దున్నే లేచి చూస్తే పడవలో మోకాలి లోతు నీళ్లు. నాకెంత సంతోషమైందో! నీళ్లు లోపల నిలిస్తే బయటి నీళ్లు లోపలికి రావని కదా అర్థం. మొహం కడుక్కుని వచ్చేసరికి సగానికి దిగాయి. గంజి తాగి వచ్చేసరికి అడుగు కనబడింది. పదిహేను చోట్ల ధారలు. కోళ్లు తడిసి అరుస్తున్నాయి.

ఉచ్చీరమ్మ నా పక్కన వచ్చి నిలబడింది.

"పడవ తెలిసినోడు హుసేనప్పే గదా. పోయి పిల్సుకోని రా."

"పోతాను."

"జూన్ నుంచీ పోతానే ఉండావు."

సెప్టెంబరు 20

పోలేదు.

అక్టోబరు 1

ఈ రోజు నుంచి మనది బళ్లారి జిల్లా కాదు, కర్నూలు జిల్లా. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. బడిలో పటికబెల్లం పంచితే సువార్తమ్మ టీచరు నాకూ ఒక ముక్క తెచ్చి ఇచ్చింది. నోటుబుక్కు ఎంతదాకా నిండిందో మాత్రం చూసి, ఒక్క అక్షరం చదవకుండా మూసి పెట్టింది.

ఉచ్చీరమ్మ పొద్దున సొసైటీకని పోయి ఇంకా రాలేదు. అడిగితే ఈ రోజు సొసైటీకే రాలేదన్నారు. నాగలదిన్నె బస్సు ఎక్కడం చూశామని పక్కింటివాళ్లు చెప్పారు.

అక్టోబరు 2

మధ్యాహ్నం వచ్చింది. వెనక హుసేనప్ప.

మనిషి నల్లబడ్డాడు, ఏటి ఎండకు. నన్ను చూసి "బాగుండావా ఉరుకుందన్నా?" అన్నాడు. నేను ఏదో అన్నాను. దగ్గరికి వచ్చి నా కుడి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగానే మానిందే" అన్నాడు. తర్వాత పడవ దగ్గరికి పోయి చుట్టూ తిరిగి, నా పూడికలో వేలు పెట్టి లాగాడు. నూలంతా పేగులాగా బయటికి వచ్చింది.

"ఇది ఎవురు సేసినారు?"

"నేనే."

"పరుపు కుట్టినట్టు కుట్టినావు గదన్నా" అని నవ్వాడు.

అక్టోబరు 4

నూలును ముందు గుగ్గిలంలో నానబెట్టి, తర్వాత పురి పెట్టాలట. మొద్దు ఉలితో మూడు వరసలు కొట్టాలట. హుసేనప్ప కొడుతుంటే ఒకే తీరుగా చప్పుడు. ఉచ్చీరమ్మ పక్కన కూచుని చూసి నేర్చుకుంటోంది. అతను మిల్లు గురించి ఒక్క మాట అడగలేదు. వాళ్లమ్మ హులిగెమ్మ ముసలిదైపోయి కూడా పుట్టి వదలడం లేదని, మొన్నటి ప్రవాహంలో పుట్టి చినిగిపోయిందని చెప్పాడు. ఇప్పుడు ఏరు దాటించేదానికి ఏమీ లేదట. తను కూలికి పోతున్నాడట.

అక్టోబరు 5

జూన్ 24న రాసింది అబద్ధం.

నాకు గుర్తుంది. అప్పుడూ గుర్తుంది. "హుసేనా, బెల్టు నెట్టు" అని నేనే అరిచాను. ఆ మాట చెప్పి ఉంటే ఫిట్టరు చెప్పిన పని చేశాడని హుసేనప్పను ఉంచేవాళ్లు. తప్పు నా మీదికి వచ్చేది. టైంకీపరు పని పోయేది. మంచం మీద పడుకుని అదంతా లెక్క చూసుకునే గుర్తులేదన్నాను. నొప్పి కాదు. నొప్పిలో కూడా బుర్ర బాగానే పనిచేసింది.

ఈ పడవ కూడా పొద్దుపోక చేస్తున్నది కాదు. నాగలదిన్నెకు వట్టి చేతులతో పోలేక చేస్తున్నాను. పడవ ఇచ్చి నోరు విప్పకుండా తిరిగి వచ్చేద్దామనుకున్నాను.

రేపు చెబుతాను.

అక్టోబరు 6

చెప్పాను. పోయాడు.

అక్టోబరు 8

ఉలి పక్కన పెట్టాడు. చేతులు ఇసుకతో రుద్ది, నీళ్లతో కడుక్కున్నాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "అట్లనా" అన్నాడు. ఆ ఒక్క మాటే. పోయాడు. ఎడమ వైపు పలకలకు పూడిక సగంలో ఉంది.

అక్టోబరు 9

ఉచ్చీరమ్మ నాతో మాట్లాడటం లేదు. మిగిలిన సందులు ఆమె పూడుస్తోంది. హుసేనప్ప కొట్టినప్పటి చప్పుడే వస్తోంది.

అక్టోబరు 11

ఈ రోజు మాట్లాడింది. నేను రాసుకుంటుంటే వచ్చి ఎదురుగా కూచుంది. ఆమెకు చదువు రాదు.

"అందులో అంతా రాసినావా?"

"రాశాను."

"ఆ పుస్తకంలో రాస్తే ఎవురు సదువుతారు? ఎవురికి రాయాల్నో వాళ్లకు రాయి."

అక్టోబరు 18

మిల్లు మేనేజరుకు ఉత్తరం. ఆరుసార్లు రాసి చింపాను. టీచరు రాసి పెడతానంది, వద్దన్నాను. ఏడోసారి రాసింది నిలిచింది. ఐదే వాక్యాలు. కింద సంతకం చేశాను. వేలిముద్ర కాదు.

అక్టోబరు 20

బస్సులో ఆదోనికి పోయి ఉత్తరం నేనే ఇచ్చాను. మేనేజరు రెండుసార్లు చదివాడు.

"ఇప్పుడెందుకయ్యా ఇదంతా?"

"అప్పుడు చెప్పలేదు సార్, అందుకే."

చాలాసేపు బల్ల మీద వేలితో కొట్టాడు. "హుసేనప్పను పిలిపిస్తాం. నీ సంగతే చిక్కు. ఒకప్పుడు ఒక మాట, ఇంకొకప్పుడు ఇంకొక మాట చెప్పే మనిషికి గేటు ఎట్లా అప్పజెప్పేది?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. దండం పెట్టి వచ్చాను. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారి పొడవునా పత్తి చేలు పగులుతున్నాయి. పని పోయిన మనిషికి ఇంత ఆకలి వేస్తుందని నాకు తెలియదు. ఇంటికి రాగానే మూడు రొట్టెలు తిన్నాను. నేనే తుంచుకున్నాను, చిటికెనవేలు, బొటనవేలు మధ్య పట్టి.

నవంబరు 15

తారు పూశాం. పడవ నల్లగా, ఈనిన గేదెలాగా ఉంది. ఉచ్చీరమ్మ బట్టలకూ తారే. సొసైటీలో ఆమెను పడవమ్మ అంటున్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో కోపం లేదు.

నవంబరు 29

హుసేనప్ప కబురు లేదు.

డిసెంబరు 10

వచ్చాడు!

పొద్దున నేను పెరట్లో చుక్కానికి పిడి బిగిస్తున్నాను. చంకలో ఇరికించుకుని తిప్పే పిడి అది. గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు.

"మిల్లులో రమ్మన్యారు. పోయినా" అన్నాడు.

"చేరినావా?"

"సేరినా. జిన్ను కాడ గాదు, బాయిలరు కాడ. సోమవారం నుంచి."

ఉచ్చీరమ్మ మంచం వాల్చింది. కూచున్నాడు. నేను అతని ఎదురుగా నేల మీద కూచున్నాను. ఎప్పుడో అనాల్సిన మాట అప్పుడు అన్నాను. "హుసేనా, నువ్వు లేకపోతే నేను ఈ పొద్దు ఈడ లేను."

అతను నేల వైపు చూశాడు.

"ఒకటి సెప్తా ఇనన్నా. బెల్టు నెట్టమని అరిసినానంటివే, ఆ అరుపు నాకు ఇనపడలే. జిన్నుల సప్పుడులో ఎవురి మాట ఎవురికి ఇనపడతాది? నువ్వు నోరు తెరిసింది సూసినా అంతే. అప్పటికే గడ్డపార నా సేతిలో ఉండె. నువ్వు సెప్పినా నెడతాంటి, సెప్పకున్నా నెడతాంటి. అది నీ మాట కోసం సేసింది గాదు."

చేతిలో ఉన్న పిడిని నేల మీద పెట్టాను.

"కాగితం సంగతి వేరే" అన్నాడు. "అది నొప్పే. ఏడెనిమిది నెలలు కూలి సేసినా. అమ్మకు ముద్ద పెట్టలేని దినాలు ఉండె. యాభై తూర్లు అనుకున్యా, నీ మొగం సూడకూడదని. ఇంగా ఉంది ఆ నొప్పి. పోతాదేమో, సూస్తాం."

"ఉండనీ. ఎంత కాలముంటే అంత కాలం" అన్నాను.

అప్పుడు లేచి పడవ దగ్గరికి పోయాడు. ఎడమ వైపు సందుల్లో గోరు పెట్టి చూశాడు. గోరు దిగలేదు.

"ఇది ఎవురు సేసినారు?"

"నేనే" అంది ఉచ్చీరమ్మ.

మొదటిసారి అతని మొహం వదులైంది. "అక్కా, నువ్వు మా ఇంట్లో పుట్టాల్సింది."

పడవ నీదేనన్నాను. తల అడ్డంగా ఊపాడు. బాయిలరు వదిలి ఏటికి ఎట్లా వస్తానన్నాడు. రేవు ఖాళీగా ఉందని, జనం నాలుగు కోసులు చుట్టు తిరిగి పోతున్నారని చెప్పాడు. "అమ్మకు ఏరంతా తెలుసు, సేతుల్లో బలం లేదు. మీకు బలముంది, ఏరు తెలీదు. పడవేసుకోని మీరే రాండి. నేర్పుతాది. తిడతాది గూడా, ఓర్సుకోవాల."

గంజి తాగి పోయాడు. పోయేటప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూశాడా అంటే, చూడలేదు. కానీ మాకు అంత ఇచ్చి పోయిన మనిషిని ఇంకేం అడుగుతాను?

డిసెంబరు 27

బండ్ల మీద నాగలదిన్నెకు. బసవన్న రెండు తెడ్లు చెక్కి ఇచ్చాడు. సువార్తమ్మ టీచరు వీధి చివరిదాకా వచ్చి పడవ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. వీధిలో ఈసారి నవ్వినవాళ్లు తక్కువ.

1954 జనవరి 3

హులిగెమ్మ గుడిసె పక్కనే మాకు ఒక పాక. పొద్దున్నుంచి చీకటిపడేదాకా తిట్లు. ఏ రాయి ఎక్కడుందో, ఏ సుడి ఏ నెలలో ఎటు జరుగుతుందో కళ్లు మూసుకుని చెబుతుంది. తప్పుగా తిప్పితే "నీకు కన్నులుండేది కాటుక పెట్టుకొనేకా?" అంటుంది. తెడ్లు ఉచ్చీరమ్మవి, చుక్కాని నాది. ఒడ్డు వెంబడే తిరుగుతున్నాం. మధ్యకు ఇంకా పోనివ్వడం లేదు.

జనవరి 7

అడుగున కొంచెం చెమ్మ. ఒకచోట మళ్లీ పూడ్చాం.

జనవరి 10

ఈ రోజు ఏరు దాటాం.

అవతలి ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం. పొద్దున రేవులో ఆరుగురు ఎక్కారు. వెన్నకుండలతో ఇద్దరాడవాళ్లు, గొర్రెపిల్లతో ఒక ముసలాయన, కూతుర్ని చూడటానికి పోయే ఒక కుటుంబం. హులిగెమ్మ పడవ ముక్కు దగ్గర కూచుంది, మా ముగ్గురిలో భయం లేనిది ఆమెకే. నాకు చంకలో పిడి జారుతోంది, చెమటకు.

నడుమకు వచ్చాక తెడ్ల చప్పుడు ఆగిపోయింది. చూస్తే ఉచ్చీరమ్మ చేతులు ఆపి, తల ఎత్తి, రెండు వైపులా నీళ్లను చూస్తోంది. కడవ నీళ్లకు రెండు వీధులు నడిచిన మనిషి.

"ఏమైంది మే?" అన్నాను.

"ఏం లే. సూస్తాండా."

"సూసేది ఒడ్డు సేరినాంక సూడు! తెడ్డెయ్!" అని ముందు నుంచి హులిగెమ్మ కేక. గొర్రెపిల్ల అరిచింది. అందరూ నవ్వారు. పడవ కదిలింది.

అవతల ఇసుకకు తగిలి ఆగింది. ఒక్కొక్కరే దిగారు. ముసలాయన గొర్రెపిల్లను భుజాన వేసుకుని, ఖాళీగా ఉన్న చేతిని నా తల మీద పెట్టి పోయాడు. హులిగెమ్మ మాత్రం లేవలేదు. తన పాదాల వైపు చూస్తూ కూచుంది. వంగి, అరిపాదం చేత్తో తడిమింది. తర్వాత రెండో పాదం.

మళ్లీ ఏదో తప్పు చేశామనుకున్నాను.

"తడి లేదు" అంది. "నాయనా, పుట్టిలో అరవై ఏండ్లు ఈ ఏరు దాటినా. నా కాళ్లు తడవకుండా దాటింది ఇదే మొదులు."

ఉచ్చీరమ్మ ఆమెను చెయ్యి పట్టి దించబోయింది. వద్దని విదిలించి, తనే అంచు దాటి దిగింది. ఇసుక మీద నాలుగడుగులు వేసిన మనిషి, ఏమనుకుందో, వెనక్కి వచ్చి ఏట్లోకి నడిచింది. రెండు కాళ్లు బాగా తడుపుకుంది. ఇంకాసేపు అక్కడే నిలబడి, తర్వాత ఒడ్డెక్కింది.